లెవెల్ పెంచితే లోతు రాదు: మాన్‌స్టర్ల ఆటలు తయారుచేసేవారికి బహిరంగ లేఖ

మాన్‌స్టర్లను పట్టి, పెంచి, పోరాడించే వీడియో గేమ్‌లను రూపొందిస్తున్న డిజైనర్లకు, వాటిని ప్రచురిస్తున్న సంస్థల బాధ్యులకు,

విషయం: ఈ ఆటల కష్టస్థాయి, వ్యూహపు లోతు గురించి.

ఆర్యా,

నమస్కారం. స్నేహితుడి గేమ్ బాయ్‌ను రెండు రోజులకని అరువు తెచ్చుకుని రెండు నెలలు ఇవ్వకుండా ఉంచుకున్న కాలం నుంచి నేను మీ ఆటలు ఆడుతున్నాను. ఈ లేఖలోని విషయాలనే గత రెండేళ్లలో ఒక సంస్థ సహాయ విభాగానికి మూడుసార్లు రాశాను. మూడుసార్లూ అక్షరం పొల్లుపోకుండా ఒకే జవాబు వచ్చింది: అభిప్రాయానికి ధన్యవాదాలు, సంబంధిత బృందానికి చేరవేస్తాము. ఆ బృందం ఎవరో, వారికి చేరిందో లేదో తెలిసే దారి లేక, నాలుగోసారి అందరికీ వినబడేలా రాస్తున్నాను.

పోయిన వేసవి సెలవుల్లో మా అక్క కొడుకు, తొమ్మిదేళ్లవాడు, స్విచ్ అనే గేమ్ యంత్రాన్ని వెంటపెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అందులోని ఆట పేరు ఇక్కడ అనవసరం. మధ్యాహ్నం భోజనాలయ్యాక వాడు చాప మీద బోర్లా పడుకుని, కళ్లు టీవీలో వస్తున్న క్రికెట్ మీద ఉంచి, బొటనవేలితో 'A' బటన్ నొక్కుతూ, ఊరూరా గోదాల్లో ఎదురయ్యే పెద్ద ప్రత్యర్థుల్లో ఒకడైన ఎనిమిదో జిమ్ లీడర్‌ను ఓడించేశాడు. ఎవర్ని కొట్టావురా అని అడిగితే, "తెలీదు మావయ్యా, అయిపోయింది" అన్నాడు. వాడి మొదటి మాన్‌స్టర్ ఎదుటి జట్టు కంటే పద్నాలుగు లెవెళ్లు పైన ఉంది. మిగిలిన ఐదింటిలో మూడింటి పేర్లు వాడికి గుర్తే లేవు. అదే సాయంత్రం అదే జట్టుతో ఆన్‌లైన్ పోటీకి దిగాడు. అక్కడ లెవెళ్లన్నీ సమానం చేస్తారు కాబట్టి నాలుగు టర్నుల్లో జట్టంతా పడిపోయింది. ఎందుకు ఓడిపోయాడో వాడికి అర్థం కాలేదు, అర్థం కావడానికి కావలసిన ఒక్క ముక్కా ముప్పై గంటల కథలో వాడికి ఎవరూ చెప్పలేదు. స్విచ్ సంచిలో పెట్టేశాడు. సెలవులు అయ్యేదాకా మళ్లీ తీయలేదు.

కష్టం, లోతు అనే రెండు మాటలను మీ ప్రకటనల్లోనూ మా వాదనల్లోనూ ఒకే అర్థంలో వాడేస్తున్నాం. నా దృష్టిలో గొడవంతా అక్కడే మొదలవుతోంది. మా పల్లెల్లో గుడి అరుగుల మీద చెక్కి ఉండే పులిజూదం గీతలు మీరు చూసి ఉండకపోవచ్చు. మూడు పులులు, పదిహేను మేకలు; నియమాలు ఐదు నిమిషాల్లో వచ్చేస్తాయి, మేకలవైపు కూర్చుని పులులను కట్టడం రావడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. అష్టాచమ్మాలో కూడా గెలవడం కష్టమే, కానీ గవ్వలు పడకపోతే ఎంతటి మేధావైనా కదలకుండా కూర్చోవలసిందే. మొదటిదానిలో ఓడినవాడు తన తప్పు ఎక్కడుందో చూపించగలడు. రెండోదానిలో ఓడినవాడు గవ్వలను తిట్టుకుంటాడు. మీ ఆటల్లో ఎదుటివాడి లెవెల్‌ను ఐదు పెంచడం మూడో రకం: అక్కడ ఓడినవాడు గడ్డిలోకి వెళ్లి గంటసేపు చిన్న మాన్‌స్టర్లను కొట్టి తిరిగివస్తాడు. అది తెలివికీ కాదు, అదృష్టానికీ కాదు, ఓపికకు పెట్టే పరీక్ష.

కష్టమూ లోతూ ఒకేచోట కుదిరిన సందర్భాలు మీ చరిత్రలోనే ఉన్నాయి. 1999లో వచ్చిన పోకెమాన్ గోల్డ్, సిల్వర్ ఆటల్లో (వీటిలో మాన్‌స్టర్లను పోకెమాన్ అనే అంటారు) గోల్డెన్‌రాడ్ నగరపు జిమ్ లీడర్ విట్నీ దగ్గర 20వ లెవెల్ మిల్‌ట్యాంక్ అనే ఆవు పోకెమాన్ ఉంటుంది. ఆ తరంవాళ్లకు ఆ ఆవు పేరెత్తితే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అది వాడే రోలౌట్ అనే దెబ్బ 30 బలంతో మొదలై, తగిలిన ప్రతిసారీ రెట్టింపవుతూ ఐదో టర్నుకు 480కి చేరుతుంది. మధ్యలో మిల్క్ డ్రింక్ తాగి సగం ప్రాణం తిరిగి తెచ్చుకుంటుంది. అట్రాక్ట్ వేసిందంటే మగ పోకెమాన్ దాదాపు సగం టర్నులు మోహంలో నిలబడిపోతాయి. ఆట మొదట్లో మనకిచ్చే పోకెమాన్ ఎనిమిదింట ఏడుసార్లు మగదే అవుతుంది కనుక, దాన్నొక్కదాన్నే పెంచుకుంటూ వచ్చినవాడికి అక్కడ గోడ తగులుతుంది. కానీ అదే నగరంలోని డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో డ్రౌజీని ఇస్తే ఆ ఆవుకు గట్టి జవాబైన ఫైటింగ్ టైపు (పోరాట రకం) మచాప్‌ను ఇచ్చే మనిషి ఉన్నాడు. అంతకు ముందే గుహల్లో దొరికే జియోడ్యూడ్‌కు రోలౌట్ సగమే తగులుతుంది. ఆడ పోకెమాన్ మీద అట్రాక్ట్ అసలు పనిచేయదు. తాళమూ తాళంచెవీ ఒకే ఊళ్లో పెట్టి, వెతుక్కోమని పిల్లవాణ్ణి వదిలేశారు. నేను ఆ చెవి దొరక్క నాలుగు రోజులు తిరిగాను, అది వేరే సంగతి.

తర్వాత జరిగింది మీకు నాకంటే బాగా తెలుసు. పోరులో వచ్చే, లెవెల్‌ను పెంచే అనుభవాన్ని జట్టంతటికీ పంచే ఎక్స్‌పీ షేర్ చాలా కాలం ఒక పోకెమాన్ చేతికి మాత్రమే ఇచ్చే వస్తువుగా ఉండేది. 2013లో ఎక్స్, వై ఆటల్లో అది జట్టు మొత్తానికీ వర్తించింది, అయితే ఆపుకునే వీలుండేది. 2019లో స్వోర్డ్, షీల్డ్ నాటికి ఆ వీలు పోయింది. ఎదుటి పోకెమాన్ పడిపోగానే తర్వాత ఏది వస్తుందో ముందే చెప్పి ఉచితంగా మనదాన్ని మార్చుకోనిచ్చే పద్ధతిని వద్దనుకునేవారికి సెట్ అనే ఎంపిక ఉండేది. 2022లో స్కార్లెట్, వయొలెట్ ఆటల్లో అదీ తీసేశారు. ఆ ఆటల్లోనే జిమ్‌లకు ఏ వరుసలోనైనా వెళ్లవచ్చని చెప్పారు, కానీ వాటి లెవెళ్లు మాత్రం స్థిరంగా ఉంచారు. కనుక స్వేచ్ఛగా తిరిగినవాడికి సగం జిమ్‌లు చప్పగా, మిగతావి మొండిగా తగులుతాయి. 2012లో బ్లాక్ 2 ఆటలో మీరే ఛాలెంజ్ మోడ్ అనే కష్టస్థాయి ఇచ్చారు. కానీ అది ఆట పూర్తిచేసినవారికే తెరుచుకునేది, జంటగా వచ్చిన వైట్ 2 కొన్నవారికి దాని బదులు తేలిక మోడ్ దక్కేది. తిరునాళ్లు అయిపోయాక రంగులరాట్నం తిప్పినట్టు.

ఇక 2021లో వచ్చిన బ్రిలియంట్ డైమండ్, షైనింగ్ పెర్ల్ ఆటల సంగతి విచిత్రం. దారి పొడవునా ఎక్స్‌పీ షేర్ ఆపలేం, దాదాపు ప్రతి పోరూ నడిచిపోతుంది. తీరా చివర ఛాంపియన్ సింథియా ముందు నిలబడేసరికి ఆమె జట్టు పోటీ ఆటగాళ్లు తయారుచేసుకునే పద్ధతిలో, లోపలి అంకెలన్నీ సరిచూసి, చేతికి తగిన వస్తువులిచ్చి సిద్ధంగా ఉంటుంది. ఆ పోరు నాకు వ్యక్తిగతంగా ఎంతో నచ్చింది. కానీ సంవత్సరమంతా పాఠం చెప్పకుండా చివరిరోజు పబ్లిక్ పరీక్ష పెట్టే బడిని ఎవరూ మంచి బడి అనరు.

మీ ఆటల్లో లోతు లేదని నేను అనడం లేదు. 18 టైపులు, 25 స్వభావాలు, శిక్షణతో పంచుకోగల 510 పాయింట్లు, ఇద్దరిద్దరు దిగే డబుల్ బ్యాటిల్... సేజున్ పార్క్ 2014లో వాషింగ్టన్‌లో ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు ఆయన జట్టులో పచిరిసు అనే చిన్న ఉడుత ఉంది. అందరూ ముద్దుగా ఉందని పక్కన పెట్టేసే ఆ పోకెమాన్ 'ఫాలో మీ' అంటూ పక్కదాని మీదికి వచ్చే దెబ్బలను తన మీదికి లాక్కుని నిలబడింది. ఆ ఎత్తుగడకు కావలసిన నియమాలన్నీ మా మేనల్లుడి చేతిలోని ఆటలోనూ ఉన్నాయి. వాటిని ఎవరూ వాడికి పరిచయం చేయలేదు, అంతే.

పోలిక కోసం షిన్ మెగామి టెన్సెయ్ అనే ఆటల వరుసను తీసుకుంటాను. అందులో మూడోదైన నాక్టర్న్ 2003లో వచ్చింది. ప్రెస్ టర్న్ అనే ఒక్క నియమం మీద దాని పోరంతా నడుస్తుంది: జట్టులో నలుగురుంటే నాలుగు అవకాశాలు, ఎదుటివాడి బలహీనత మీద కొడితే సగం అవకాశమే ఖర్చవుతుంది, దెబ్బ తప్పినా, పనిచేయకపోయినా రెండు పోతాయి, ఎదుటివాడు దాన్ని తిప్పికొట్టినా, తాగేసినా అన్నీ పోతాయి. ఈ నియమం శత్రువుకూ సమానమే. 2004 నాటి మేనియాక్స్ సంచికలో చేరిన మటడోర్ అనే అస్థిపంజరపు ఎద్దుల పోరాటగాడు ఎర్రగుడ్డ ఒక్కసారి విసిరి తన చురుకుదనాన్ని గరిష్ఠానికి పెంచేసుకుంటాడు. ఆ తర్వాత మన దెబ్బలు తప్పుతూనే ఉంటాయి, తప్పిన ప్రతిదానికీ రెండేసి అవకాశాలు కరిగిపోతాయి. అతని గాలి దెబ్బకు బలహీనమైనది ఒక్కటి మన జట్టులో ఉన్నా అతనికి అదనపు అవకాశం దొరుకుతుంది. అక్కడ లెవెల్ పెంచుకురావడం పెద్దగా అక్కరకు రాదు. అతని చురుకుదనాన్ని దించే విద్య ఉన్నదాన్ని, గాలిని లెక్కచేయనిదాన్ని, ఉన్నవాటిని కలిపి కొత్తదాన్ని పుట్టించే ఫ్యూజన్‌లో తయారుచేసుకుని రావాలి. ఆ రాత్రి నేను ఆరుసార్లు ఓడిపోయాను. ఆరుసార్లూ ఎందుకు ఓడానో చెప్పగలిగాను.

(ఆ ఆటల్లో మనం చేర్చుకునేవారిలో గరుత్మంతుడు, లక్ష్మి, చివరికి శివుడు కూడా ఉంటారు. రంగ్దా, బరోంగ్‌లను కలిపితే శివుడు వస్తాడని నేను తెరముందు సంబరపడుతుంటే, దీపం పెడుతున్న మా అమ్మ చూసిన చూపు గురించి ఇక్కడ రాయను.)

ఆ వరుసలో దోషాలు లేవని కాదు. నాక్టర్న్‌లో కథానాయకుడొక్కడు పడిపోతే, వెనక ముగ్గురు నిక్షేపంగా ఉన్నా ఆట ముగిసిపోతుంది. ఒక్క దెబ్బతో చంపే మంత్రాలున్న చోట అది అచ్చంగా గవ్వల ఆటే. 2021 నాటి ఐదో ఆటలో లెవెల్ తేడా దెబ్బ తీవ్రతను ఎంతగానో మార్చేస్తుంది, అందువల్ల మంచి ఎత్తుగడ కూడా నాలుగు లెవెళ్లు తక్కువైతే నిలవదు. కష్టమైన ఆటలన్నీ లోతైనవని వాదించే మా మిత్రులు ఈ మాట ఒప్పుకోరు, కానీ అది నిజం.

చిన్న స్టూడియోలు ఈ ముడిని ఎలా విప్పాయో పెద్ద సంస్థలు చూడడం మంచిది. టెమ్‌టెమ్ అనే ఆట దెబ్బ తప్పడమనే అదృష్టాన్నే తీసేసి, ప్రతి విద్యకూ స్టామినా ఖర్చు పెట్టింది. ఉన్నదానికి మించి వాడితే ప్రాణం తగ్గడమే కాక తర్వాతి టర్ను కూడా పోతుంది. 2020 నాటి మాన్‌స్టర్ శాంక్చువరీలో ముగ్గురు ముగ్గురితో పోరాడతారు, ముందువాడి ప్రతి దెబ్బా వెనకవాడి దెబ్బను పెంచుతుంది, కనుక ఎవరు ముందు కొట్టాలన్నదే ఒక లెక్క అవుతుంది. మామూలు పోరుకు కూడా నక్షత్రాలిచ్చి, బాగా ఆడినవాడికి మంచి బహుమతులిస్తుంది. డ్రాగన్ క్వెస్ట్ మాన్‌స్టర్స్ 1998 నుంచే చేస్తున్న పని ఇంకొకటి: రెండు మాన్‌స్టర్లను కలిపి పిల్లను పొందితే తల్లిదండ్రులు రెండూ శాశ్వతంగా వెళ్లిపోతాయి. ఏది వదులుకోవాలో తేల్చుకోలేక పదేళ్ల పిల్లవాడు పది నిమిషాలు తెర వంక చూస్తూ కూర్చుంటాడు. ఒక్క అంకె పెంచకుండా వచ్చిన లోతు అది.

మీ నిర్ణయాల భారం ఎవరి మీద పడుతోందో చెప్పడం నా బాధ్యత.

1. పిల్లలు. తేలిక చేస్తే పిల్లలు ఆనందిస్తారన్నది మీ ఊహ. ఓడిపోని పిల్లవాడు మొదటి మాన్‌స్టర్‌ను తప్ప వేరొకదాన్ని బయటికి తీయడు. వందల బొమ్మలు గీసిన మీ చిత్రకారుల శ్రమ పెట్టెలో పడి ఉంటుంది. ఆన్‌లైన్‌లో మొదటి ఓటమి తగిలాక తాను మందబుద్ధినని అనుకుంటాడు. నేను చూశాను కాబట్టి రాస్తున్నాను.

2. ఉద్యోగాలు చేసుకునేవారు. రాత్రి పిల్లలు పడుకున్నాక నలభై నిమిషాలు దొరికే మనిషికి రెండు దారులే మిగిలాయి: ఆలోచన అక్కర్లేని ఆట, లేదా వారం రోజులు లెవెళ్లు పెంచుకోవలసిన ఆట. నలభై నిమిషాల్లో ఒక మంచి ఎత్తు వేసి ఓడి, మర్నాడు దాన్ని సరిదిద్దుకునే ఆటే అతనికి కావాలి.

3. ఇంగ్లిష్ అంతగా రాని ఆటగాళ్లు. ప్రధాన పోకెమాన్ ఆటలు ఇంతవరకు ఒక్క భారతీయ భాషలోనూ రాలేదు. తెలుగు మాధ్యమంలో చదివే పిల్లవాడు నీలం బొమ్మ నీటి టైపని, ఎర్రబొమ్మ నిప్పు టైపని రంగులతో నేర్చుకుంటాడు. కానీ ఒక విద్య అసలు ఏం చేస్తుందో చిన్న అక్షరాల ఇంగ్లిష్ వాక్యంలో దాగి ఉంటుంది. లోతంతా ఆ వాక్యాల్లోనే ఉన్నప్పుడు అతనికి మిగిలేది 'A' బటన్ ఒక్కటే.

4. కొనేవారు. ఇక్కడ ఒక కొత్త ఆట ఖరీదు చాలా ఇళ్లలో ఒక పిల్లవాడి మూడు నెలల ట్యూషన్ ఫీజు.

5. తమ కష్టాన్ని తామే తయారుచేసుకుంటున్నవారు. 2010లో ఒక వెబ్ కామిక్‌తో మొదలైన నజ్‌లాక్ నియమాలు మీకు తెలుసు: పడిపోయిన పోకెమాన్ చచ్చిపోయినట్టే, ప్రతి ప్రాంతంలో మొదట ఎదురైనదాన్నే పట్టాలి. ఇన్నేళ్లుగా అసంఖ్యాకులు కాగితం మీద లెక్కలు వేసుకుని ఈ పద్ధతిలో ఆడుతున్నారు. ఇది మీ ఆట మీద ప్రేమే. కానీ వంట మీరు చేసి, ఉప్పు ఎవరింటి నుంచి వారు తెచ్చుకోవాలంటే ఎలా?

కనుక మేము కోరుతున్నవి ఇవి.

1. ఎక్స్‌పీ షేర్‌ను ఆపుకునే వీలు తిరిగి ఇవ్వాలి. 2013లో ఉన్న బటన్ ఇప్పుడు సాంకేతికంగా అసాధ్యమంటే ఎవరూ నమ్మరు.

2. సెట్ ఎంపికను తిరిగి పెట్టాలి. వద్దన్నవారికి అది కనబడను కూడా కనబడదు.

3. కష్టస్థాయిని మొదటిరోజే, మొదటి తెర మీదే ఎంచుకోనివ్వాలి. మధ్యలో మార్చుకున్నవారిని ఆట దెప్పిపొడవకూడదు. నాక్టర్న్ రీమాస్టర్‌లో మెర్సిఫుల్ అనే తేలిక స్థాయి పెట్టినందువల్ల కష్టం కోరుకున్న మాకు ఏమీ తరగలేదు. రెండోవైపు కూడా అంతే.

4. ఇది అన్నిటికంటే ముఖ్యమైనది. కష్టమైన మోడ్ అంటే లెవెళ్లు పెంచిన మోడ్ కాకూడదు. జిమ్ లీడర్ లెవెల్ అలాగే ఉంచి అతని జట్టును మార్చండి: ఒక టైపుకే కట్టుబడిన ఆరింటి బదులు, తన బలహీనతకు జవాబు ఉన్న ఒక్కదాన్ని చేర్చండి, చేతికి వస్తువులివ్వండి, మనం వేయబోయేది ఊహించి పోకెమాన్‌ను వెనక్కి పిలిచే తెలివి ఇవ్వండి, ఎనిమిదిలో మూడు జిమ్‌లైనా డబుల్ బ్యాటిల్‌గా పెట్టండి. ప్రతి జిమ్ ఒక పాఠం కావాలి: ఒకచోట వాతావరణం, ఒకచోట విషం, ఒకచోట ముందు కదలడం. విట్నీకి చేసినట్టే జవాబును ఆ ఊళ్లోనే ఎక్కడో పెట్టండి.

5. లోపలి అంకెలను దాచవద్దు. శిక్షణ పాయింట్లను గ్రాఫ్‌గా చూపడం 2013లోనే మొదలుపెట్టారు, ఏ దెబ్బ ఎదుటిదాని మీద ఎంత బాగా పనిచేస్తుందో 2016 నుంచి బటన్ మీదే చూపుతున్నారు, అందుకు కృతజ్ఞతలు. మిగిలిన సగం, అంటే ఆ పాయింట్ ఎక్కడ నుంచి వచ్చిందో, పోరులో దానివల్ల ఏం మారిందో కూడా కథలోనే, ఒక పాత్ర నోటితో చెప్పించండి.

6. విద్యల వివరణలను బొమ్మలతో చూపండి, భారతీయ భాషల్లో అందించండి. మొత్తం కథను అనువదించడం ఖర్చుతో కూడినదైతే, పోరు తెర మీది పదాలతోనైనా మొదలుపెట్టండి.

7. నాయకుడొక్కడు పడితే అంతా ముగిసే పద్ధతిని, ఓడినవాణ్ణి గంట వెనక్కి పంపే సేవ్ పాయింట్లను మానుకోవాలి. ఓడిన చోటి నుంచే, జట్టు మార్చుకుని మళ్లీ నిలబడనివ్వండి.

ఈ ఏడింటిలో మొదటి మూడు చేయడానికి కొత్త ఆట కూడా అక్కర్లేదు. ఇప్పటికే అమ్మిన ఆటలకు ఒక అప్‌డేట్ చాలు. వాటిని ఇస్తారా, ఇవ్వరా, ఇవ్వకపోతే కారణమేమిటి అన్న మూడు ప్రశ్నలకు ధన్యవాదాలతో సరిపెట్టకుండా మూడు వాక్యాల్లో, మీలో బాధ్యత కలిగిన ఒకరి సంతకంతో జవాబివ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ ఆటలను ఇరవై ఏళ్లకు పైగా కొంటున్న ఒక ఆటగాడు,
గుంటూరు.